నల్లరాయి తాగిన సాక

“నీళ్లు కట్టి వస్త. పిల్ల సంబంధం ముచ్చట నేనొచ్చినంక చూద్దాం. అప్పటిదాక ఎవ్వరికీ మాట ఇయ్యకు.”

“నేనెవరికి ఇస్త? నువ్వైతే జల్ది రా.”

మా ఆయన, నేను చివరిసారి మాట్లాడుకున్న మాటలివే. పార భుజాన వేసుకుని పొలానికి పోయాడు. మాది నాగిరెడ్డిపేట దగ్గర పల్లె, పోచారం చెరువు నీళ్లతో పారే పొలం. ఎండ ముదరక ముందే పక్క పొలం వాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఒడ్డు మీద నిద్రపోయినట్టే ఉన్నాడు. గుండె ఆగిపోయిందని ఎల్లారెడ్డి దవాఖానలో చెప్పారు.

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఊళ్లో ఎవరికైనా పూనకం వస్తే దూరంగా నిలబడి నవ్వుకునే మనిషిని. మా ఆయన పోయాక కూడా కలలోకి రాలేదు. గోడ మీద కాకి వాలితే కాకే అనుకున్నాను. కాబట్టి ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇందులో భయపడేది ఏమీ లేదు, సంతోషమే ఉంది. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా బిడ్డ మమత రాస్తోంది. మధ్యమధ్యలో నవ్వుతోంది. ఆ నవ్వు మాత్రం కాగితం మీద పెట్టడం లేదు.

మా ఆయన పోయాక మమతకు సంబంధాలు చాలా వచ్చాయి. ఎవరొచ్చినా నేను ఒకటే మాట అనేదాన్ని, ఆయన రానీ అని. వచ్చినవాళ్లు నా ముఖం ఒకసారి, గోడ మీది ఫోటో ఒకసారి చూసి లేచిపోయేవాళ్లు. నాకు మతి చలించిందని ఊళ్లో అనుకున్నారు. మతి బాగానే ఉంది. పోయిన మనిషి తిరిగి రాడని నాకూ తెలుసు. కానీ ఆయన నన్ను వద్దన్న పని అదొక్కటే. ఆ ఒక్కటీ చేసేస్తే, ఇక ఈ ఇంట్లో ఆయన మాట అంటూ ఏం మిగులుతుంది? మమత ఏమీ అనేది కాదు. దాని వయసు పిల్లలందరికీ పిల్లలు పుట్టారు. అదీ నాకు కనిపిస్తూనే ఉంది.

మా వదినె పోశవ్వ మాత్రం ఊరుకునేది కాదు. ఆమె మా ఆయనకు అక్క, మా వెనక గల్లీలోనే ఉంటుంది. ఒక చెవి కొంచెం మందం.

“చచ్చినోడు లేచొచ్చి చెప్తడానే? పిల్లకు తల నెరిసెదాక కూసుంటవా?”

“నెరిస్తే రంగేసుకుంటది. సిటీల మస్తు దొరుకుతది.”

“నీకు నోరు తక్కువైతే నా తమ్ముడు ఇంకో పదేండ్లు బతుకుతుండె!”

ఇట్లాగే తిట్టుకుంటాం, ఇద్దరం కలిసే కలుపుకు పోతాం.

మమత హైదరాబాదులో, జూబ్లీహిల్స్‌లో ఒక హోటల్లో పనిచేస్తోంది. వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని గది తాళాలు ఇచ్చే పని. బొటిక్ హోటల్ అని చెబితే, జాకెట్లు కుట్టే చోట మనుషులు ఎట్లా పడుకుంటారా అనుకున్నాను. మా ఎల్లారెడ్డిలో బొటిక్ అంటే అదే మరి. అక్కడ పనిచేసే పిల్లల తల్లిదండ్రులను ఒక రోజు పైసా లేకుండా ఉంచుకుంటారట. మమత ఫోన్ చేసి రమ్మంది. అంతకు ముందు ఒకసారి, గాంధారి వైపు పిల్లవాడు ఒకడున్నాడు, మంచివాడు, వాళ్ల పెద్దవాళ్లు వచ్చి మాట్లాడతామంటున్నారు అని చెప్పింది. నేను ఎప్పటి మాటే అన్నాను. ఈసారి ఆ ఊసు ఎత్తలేదు కదా అని ఒప్పుకున్నాను. నాకంటే ముందు వదినె సంచి సర్దుకుంది.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి, అక్కడి నుంచి హైదరాబాదుకు బస్సు. వదినె జొన్నరొట్టెలు, మిరపతొక్కు మూట కట్టుకొచ్చింది. హోటల్‌కు పోతూ సద్ది తెచ్చుకుంటారా అని కండక్టర్ నవ్వాడు. వదినె అతనికీ ఒక రొట్టె ఇచ్చింది, నోరు మూసుకున్నాడు.

హోటల్ చూసి మాకు పాపం అనిపించింది. గోడలకు గిలాబు లేదు, సిమెంటు సిమెంటుగానే వదిలేశారు. బల్బుల మీద గాజు బుడ్లు లేవు, తీగలకు ఊరికే వేలాడుతున్నాయి. గోడ నిండా మన చాటలు, జల్లెడలు మేకులతో కొట్టి పెట్టారు. “ఇల్లు ఇంక కాలేదే, మనల్ని అప్పుడే పిలిచిండ్రు” అంది వదినె. ఇట్లా ఉండటానికే ఎక్కువ ఖర్చవుతుందని మమత చెబితే నమ్మలేదు. అద్దాల తలుపు బయట మేం చెప్పులు విడిచి లోపలికి పోయాం. కాసేపటికి గేటు దగ్గరి మనిషి ఆ రెండు జతలూ చేతిలో పట్టుకుని, దేవుడి పాదుకల్లాగా లోపలికి తెచ్చాడు. మమత ముఖం ఎర్రబడింది కానీ నవ్వింది.

అక్కడ నాకు నచ్చింది నేల ఒక్కటే. నల్ల గ్రానైటు. ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు, అంత నునుపు.

ఇక్కడ మా వైపు అలవాటు ఒకటి చెప్పాలి. కల్లు తాగే ముందు ముంతలోంచి కొంచెం నేల మీద వంచుతాం. దాన్ని సాక పోయడం అంటాం. పోయిన పెద్దలకు అది వాటా. నేల పీల్చుకుంటే వాళ్లు తాగినట్టు. మట్టి నేల ఎప్పుడూ పీల్చుకుంటుంది కాబట్టి ఎవరూ వంగి చూడరు. మా ఇండ్లల్లో సంబంధం కుదిరినప్పుడూ ఇదే పద్ధతి. పిల్ల వైపు పెద్దమనిషి సాక పోసి, అదే ముంత పిల్లవాడి చేతికి ఇస్తాడు. అతను తాగాడంటే మాట ఖాయం. ఆ తర్వాత ఎవరూ వెనక్కి పోరు.

మమ్మల్ని మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టారు. తెల్లచొక్కా పిల్లవాడు ఒకడు పళ్లెంలో తాగడానికి తెచ్చాడు. అంత చల్లటి ఏసీలో అతని నుదుటి మీద చెమట. పనికి కొత్తేమో, పాపం అనుకున్నాను.

పళ్లెంలో గ్లాసులు కాదు, మట్టి ముంతలు ఉన్నాయి. లోపల తెల్లగా ఉంది, పైన నురుగు. లేతకొబ్బరి గుజ్జు చక్కెర వేసి కొట్టారని తర్వాత తెలిసింది. చేతిలో ముంత, కళ్ల ముందు తెల్లటి నురుగు. నా చెయ్యి నన్ను అడగలేదు. ముంత నోటి దాకా పోకముందే పక్కకు వంగి సాక పోసేసింది. అప్పుడు నేను మా ఆయన్ని తలచుకున్నానని చెబితే అబద్ధం అవుతుంది. అలవాటు, అంతే.

“అమ్మా!” అంది మమత.

చుట్టూ కూర్చున్నవాళ్లు తలలు తిప్పారు. సిగ్గుతో నా చెవులు కాలాయి. ఏం చేయాలో తోచలేదు. ఆ పిల్లవాడు కట్టెలాగా నిలబడి నా చేతిలోని ముంతనే చూస్తున్నాడు. సిగ్గు కప్పుకోవడానికి ముంత అతని చేతిలో పెట్టేశాను.

“తాగు బిడ్డా, నీకే దూపైనట్టుంది. నేను ఎంగిలి చెయ్యలే.”

అతను మమతను చూశాడు. నన్ను చూశాడు. రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగేశాడు. నురుగు మూతికి అంటుకుంది. అట్లాగే వంగి నా కాళ్లు మొక్కాడు.

వదినె తొడ చరిచింది. “అయిపాయె! మాట అయిపాయె!”

“ఏం మాట?”

“ఓసి పిచ్చిదానా, గీ పిలగాడే గా పిలగాడు! గాంధారి సురేషు. ఈడనే కిచెన్ల వంట చేస్తడు. నిన్ను చూస్తనని తనే పళ్లెం పట్టుకొచ్చిండు.”

అందరికీ తెలుసు, నాకు తప్ప. నాకు కోపం తన్నుకొచ్చింది.

“అది లెక్కకు రాదు! నాకు తెల్వక పోసిన. అది కల్లు కాదు, ఏందో తెల్ల నీళ్లు. మాట కోసం పోసే సాక మగోళ్లు పోయాలె. మొగడు లేని ఆడిది పోస్తే అయితదా?”

“నువ్వు పోసినవు, ఆడు తాగిండు. ఇంకెవని లెక్క గావాలె నీకు?”

మేం ఇట్లా కొట్లాడుతుంటే మమత తెల్లటి కాగితం రుమాలు తీసుకుని తుడవడానికి నా కాళ్ల దగ్గర కూర్చుంది. అటు చూసింది, ఇటు చూసింది.

“అమ్మా, యాడ పోసినవే?”

“గీడనే. నా బొటనవేలు పక్కకు.”

అక్కడ ఏమీ లేదు.

కుర్చీ జరిపాం. నా పాదం ఎత్తి చూసుకున్నాను, పొడిగా ఉంది. చీర అంచు పొడిగా ఉంది. మమత కాగితం నేలకు అదిమి ఎత్తింది. తడి లేదు, జిగట లేదు, మరక లేదు. ఆ చోట రాయి ఒకటే పలక. అతుకు లేదు, సందు లేదు, పగులు లేదు. నేను గోటితో గీకి మరీ చూశాను. వదినె అరచేతితో అంతా రాసింది. మేనేజరు దూరం నుంచి నేను వంచడం చూశాడట, తనే వచ్చి వంగి చూశాడు. ఏసీ గాలికి ఆరిపోయి ఉంటుందన్నాడు.

“నేను తొడ చరిచి చెయ్యి ఎత్తెలోపలనే ఆరిందా సారూ? గట్లైతే మా వడ్లు గూడ ఈడనే ఆరబోసుకుంటం” అంది వదినె.

అతను నవ్వుకుంటూ పోయాడు. వదినె నవ్వలేదు. మోకాళ్ల మీద అట్లాగే కూర్చుని నేల మీద చెయ్యి పెట్టుకుని ఉంది. తమ్ముడి బీడీ వాసన వచ్చిందని ఆమె ఇప్పటికీ చెబుతుంది. నాకు రాలేదు. నాకు తెలియనిది నేను చెప్పను. పోశాను, లేదు. నేను చూసింది అంతే.

గదిలోకి పోయాక నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. కానీ ఆ గదిలో ఎక్కువసేపు కోపంగా ఉండటం కష్టం. స్నానాల గదికి గోడ బదులు అద్దం పెట్టారు. లోపల ఎవరున్నా మంచం మీద నుంచి కనబడతారు. వదినె సంచిలోంచి చీర తీసి అద్దానికి కట్టింది. పరుపు మీద కూర్చుంటే నడుము దాకా దిగబడిపోయింది, “లింగవ్వా, ఊబిల పడ్డనే, చెయ్యియ్యి” అని ఒకటే మొత్తుకోవడం. లాగబోయి నేనూ పడ్డాను. చాలా ఏళ్ల తర్వాత ఇద్దరం కళ్ల నీళ్లు వచ్చేటట్టు నవ్వుకున్నాం.

నవ్వు ఆగాక వదినె మెల్లగా అంది. “వాడు ఏమన్నడు నీతోని? నేనొచ్చినంక చూద్దాం అన్నడు. వచ్చిండు. చూసిండు. ఇంకేంది నీకు?”

“రాయి మీద నీళ్లు కనబడకపోతే ఆయనొచ్చినట్టా?”

“మరి యాడికి పోయినయి?”

ఒకవేళ ఆ రాయికి అట్లా పీల్చే గుణం ఉంటే? చూడకుండా ఎట్లా? నా బిడ్డ బతుకు కొబ్బరి నీళ్లను నమ్మి ఇచ్చేయను కదా. అది మగ్గిపోతుంటే నేను ఒట్టి మొండితనంతో ఆపుతున్నానా, ఆయన మాట నిలబెడుతున్నానా, అదే తేలక ఇన్నేళ్లూ నలిగాను.

తెల్లవారి పలహారాల వేళకు కిందికి పోయి మమతకు చెప్పాను. అదే ముంత, అదే కొబ్బరి, అదే కుర్చీ కావాలని. సురేషే తెచ్చాడు. అతన్ని దూరం నిలబడమన్నాను. ఏసీ నిన్నటిలాగే ఉందా అని అడిగాను, అట్లాగే ఉందన్నారు. అదే చోట, నా బొటనవేలి పక్కన, నిన్న పోసినంతే వంచాను.

తెల్లగా పరుచుకుంది. అద్దం మీద పాలు ఒలికినట్టు నిలబడింది.

నేను కూర్చున్నాను. వదినె టీ తాగింది. ఇంకో టీ తెప్పించుకుని తాగింది. పెట్టెలు లాగుకుంటూ మనుషులు వచ్చారు, పోయారు. ఒకామె తొక్కబోతే వదినె “ఏయ్, జరుగు తల్లీ, ఈడ పరీచ్చ నడుస్తుంది” అని అదిలించింది. అంచులు కొంచెం ఎండి జిగటగా అయ్యాయి. నడుమ తడి తడిగానే ఉంది. ఒక ఈగ వచ్చి వాలింది. అయినా ఆ మడుగు అట్లాగే ఉంది.

ఇంకాలని కోరుకున్నానా, ఇంకకూడదని కోరుకున్నానా? అప్పటిదాకా నాకే తెలియదు. అది అట్లా నిలబడే కొద్దీ నా గుండె మీది బరువు దిగుతూ వచ్చింది. ఇది మామూలు రాయి. పోస్తే నిలుస్తుంది. నిన్న నిలవలేదు. ఆయన రెండోసారి వచ్చే మనిషి కాదు. బతికున్నప్పుడు కూడా ఒక పనికి రెండుసార్లు తిరిగేవాడు కాదు. ఇది రుజువని ఎవరితోనూ వాదించను. నా మనసుకు తోచింది చెబుతున్నాను.

చీర కొంగుతో నేనే నేల తుడిచాను. కొంగు జిగటతో అట్టకట్టింది. మనసు తేలికైంది. లేచి సురేషును పిలిచాను.

“ఇట్ల రా. నా బిడ్డకు కోపం ఎక్కువ. అన్నం మాడగొడ్తది. తెలుసా?”

“తెలుసు అత్తమ్మా. వంట నేను చేస్త.”

“అప్పుడే అత్తమ్మనా?”

“నిన్ననే తాగిన గద అత్తమ్మా.”

మమత కౌంటర్ వెనక ఎవరికో తాళం ఇస్తూ ఆగిపోయింది. దాని రెండు చేతులూ నోటి మీద ఉన్నాయి. అట్లా నా నోటి వంక చూడటం దాని చిన్నతనంలో జాతరలో చూశాను, గాజులు కొనిస్తానో లేదో అని.

“మీ పెద్దోళ్లను పంపు” అన్నాను. “మమత తండ్రి పేరు మీద నేను మాట ఇస్తున్న. నా బిడ్డను నీకిస్తున్న.”

నా గొంతు బొంగురు, మెల్లగా మాట్లాడటం రాదు. హోటల్ అంతా వినబడింది. తాళం కోసం నిలబడ్డాయన ఏమైందని అడిగితే, వదినె “మా ఇంట్ల లగ్గం సారూ, మీరు గూడ రాండ్రి” అని పిలిచేసింది. ఆయన చప్పట్లు కొట్టాడు. పక్కవాళ్లూ కొట్టారు. కిచెన్‌లోంచి సురేషు దోస్తులు గరిటెలతోనే పరిగెత్తుకొచ్చారు. మేనేజరు మిఠాయి తెప్పించాడు. వదినె తన మూట విప్పి మిగిలిన జొన్నరొట్టెలు తుంచి అందరికీ పంచింది. ఆ గిలాబు లేని ఇల్లు పెళ్లిల్లులాగా మోగింది.

ఇంటికొచ్చాక చాలామందిని అడిగాను. ఎల్లారెడ్డిలో బండలు పరిచే మేస్త్రీ, పాలిష్ గ్రానైటు కొంచెం కొంచెం పీలుస్తుంది కానీ రెప్పపాటులో పీల్చదు అన్నాడు. మరి మొదటి రోజు ఎట్లా పీల్చింది, రెండో రోజు ఎందుకు పీల్చలేదు అంటే, “ఏమో అవ్వా” అని పనిలో పడిపోయాడు. ఆ హోటల్లో నేల తుడిచే ఆమెను మమత అడిగింది. టీ చుక్క పడ్డా గుడ్డ పెట్టేదాకా పోదని ఆమె చెప్పింది. నేను పోసినట్టు కలగన్నానేమో అంటారు కొందరు. నేను ఒక్కదాన్నే అయితే అట్లాగే అనుకునేదాన్ని. మేనేజరు చూశాడు, సురేషు చూశాడు, మమత చూసింది.

ఇప్పటికీ దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నేను నవ్వుతాను. ఆ రాయి సంగతి అడిగితే మాత్రం నవ్వు రాదు. అది ఏమిటో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పను.

లగ్గం దగ్గర పడింది. మమత సెలవు మీద వచ్చి ఇది రాసిపెడుతోంది. ఇక చాలు.

ఏది బిడ్డా, మొదటికెల్లి సదువు. నేను చెప్పిందే రాసినవా, నీ కవుర్లు కలిపినవా, ఇని చూస్త. రేపటికెల్లి నీ సంసారం నీది, నాకు సదివి ఇనిపించేటోళ్లెవ్వరు? ఇప్పుడే సదువు. ఏడ్వకు, కాయితం తడుస్తది. జర గట్టిగ సదువు. మీ పోశవ్వత్త గడప కాడ కూసుంది, దానికి చెవుడు.